హారర్ సిరీస్‌లు బాక్స్‌సెట్‌గా కొనాలా, విడివిడిగా కొనాలా? ప్లేస్టేషన్ 5 ఉన్న విజయవాడ మిత్రుడికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: సంక్రాంతికి మీ బావగారు డాలస్ నుంచి వస్తున్నారు. ఆయన చేత హాలోవీన్, ఫ్రైడే ద 13త్, ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్ సిరీస్‌లు డిస్కుల మీద తెప్పించుకోవాలని ఉంది. మీ దగ్గర ఉన్నది ప్లేస్టేషన్ 5, ఒక 4కె టీవీ. మొత్తం బాక్స్‌సెట్‌లు కొనడం మంచిదా, నచ్చిన సినిమాలు మాత్రం విడిగా కొనడం మంచిదా?

ముందు సూటిగా చెప్పేస్తాను. ఎల్మ్ స్ట్రీట్ బాక్స్‌సెట్‌గా కొనండి. హాలోవీన్ విడివిడిగా కొనండి. ఫ్రైడే ద 13త్ విషయంలో పన్నెండు సినిమాల పెద్ద సెట్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దు, పారామౌంట్ వాళ్ల ఎనిమిది సినిమాల సెట్ మీకు సరిపోతుంది. మూడు సిరీస్‌లకు మూడు రకాల సమాధానం ఎందుకంటే, బాక్స్‌లో ఏముంటుందో నిర్ణయించేది ఆ సినిమాల హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయన్నదే. అభిమానులకు ఏం కావాలన్నది ఆ తర్వాతి మాట. హక్కుల సంగతి తెలిస్తే ఏ సెట్ కొనాలో, ఏది వదిలేయాలో అట్ట మీద రాసింది చదవకుండానే చాలావరకు చెప్పేయొచ్చు.

అయితే హక్కుల కన్నా ముందు మీ ఇంట్లో ఉన్న మెషీన్ గురించి మాట్లాడుకోవాలి. మన దగ్గర డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే.

రీజియన్ లాక్

బ్లూ-రే డిస్కులకు ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా ఎ రీజియన్. యూరప్, ఆఫ్రికా, మధ్యప్రాచ్యం, ఆస్ట్రేలియా బి. మనం, చైనా, రష్యా సి. డీవీడీలకు వేరే లెక్క: అమెరికా 1, మనం 5. ఇండియాలో అమ్మిన ప్లేస్టేషన్ 5 బ్లూ-రేల విషయంలో సి మెషీన్. అమెరికాలో ఎ లాక్ వేసి అమ్మిన బ్లూ-రే అందులో పెడితే ఈ ప్రాంతంలో ప్లే కాదని ఒక ముక్క చెప్పి ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో మార్చుకునే వీలు లేదు.

4కె డిస్కులకు, అంటే నల్ల కేసులో అల్ట్రా హెచ్‌డీ అని రాసి వచ్చేవాటికి, ఈ గొడవ లేదు. ఆ ఫార్మాట్‌లోనే రీజియన్ కోడ్ పెట్టలేదు. డాలస్‌లో కొన్న 4కె డిస్కు విజయవాడలో హాయిగా ఆడుతుంది. మీ ప్లేస్టేషన్ 5 కి డిస్క్ డ్రైవ్ ఉంటే చాలు. ప్లేస్టేషన్ 4 మాత్రం, ప్రో మోడల్ అయినా సరే, 4కె డిస్కులు చదవదు. ఇది చదువుతున్న మిగతావాళ్లు గమనించండి.

ఇక్కడ ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. చాలా 4కె ప్యాకుల్లో రెండు డిస్కులుంటాయి: 4కె డిస్కు ఒకటి, బ్లూ-రే ఒకటి. సినిమా రెండింటిలోనూ ఉంటుంది. మేకింగ్ డాక్యుమెంటరీలు, ఇంటర్వ్యూలు, తొలగించిన సీన్లు మాత్రం ఎక్కువగా ఆ బ్లూ-రే మీదే వేస్తారు. ఆ బ్లూ-రేకి లాక్ ఉండొచ్చు. అప్పుడు మీకు సినిమా దక్కుతుంది, ఎక్స్‌ట్రాలు దక్కవు. విశాఖలో ఉండే నా స్నేహితుడికి సరిగ్గా ఇదే జరిగింది. మూడు గంటల డాక్యుమెంటరీ చూద్దామని ఇష్టంగా తెప్పించుకున్న సెట్‌లో ఆ డిస్కు ఒక్కటే ఆడలేదు.

ఎవరు లాక్ వేస్తారు, ఎవరు వేయరు అన్నదానికి నా అనుభవంలో ఒక గుర్తు ఉంది. వార్నర్, పారామౌంట్, యూనివర్సల్ లాంటి పెద్ద స్టూడియోలు తమ సినిమాలను ప్రపంచమంతా తామే అమ్ముకుంటాయి కాబట్టి చాలా డిస్కులకు లాక్ వేయవు. స్క్రీమ్ ఫ్యాక్టరీ, ఆరో (Arrow) వీడియో లాంటి చిన్న లేబుళ్లు, అంటే డిస్కులు వేసే చిన్న కంపెనీలు, ఒక దేశానికో ఒక ప్రాంతానికో మాత్రమే లైసెన్స్ తీసుకుంటాయి. ఒప్పందం ప్రకారం లాక్ వేయక తప్పదు. హారర్ అభిమానులకు అపురూపమైన సెట్లన్నీ వచ్చేది ఈ చిన్న లేబుళ్ల నుంచే కాబట్టి ఈ సమస్య మనకే ఎక్కువ తగులుతుంది. పెద్ద స్టూడియో అయినా సరే, కొనే ముందు ఆ ఎడిషన్ రీజియన్ ఏమిటో ఒకసారి చూసుకోండి.

ఎల్మ్ స్ట్రీట్: కళ్లు మూసుకుని కొనదగ్గ సెట్

1984 లో మొదటి సినిమా తీసింది న్యూ లైన్ సినిమా. ఆ తర్వాతివన్నీ కూడా వాళ్లవే. ఈ సిరీస్‌లోని హంతకుడు ఫ్రెడ్డీ సంపాదించి పెట్టిన డబ్బుతోనే ఆ కంపెనీ నిలబడింది, అందుకే హాలీవుడ్‌లో దాన్ని ఫ్రెడ్డీ కట్టిన ఇల్లు అనేవారు. 2008 లో న్యూ లైన్ వార్నర్‌లో కలిసిపోయింది. కాబట్టి మొత్తం సిరీస్ ఒకే గొడుగు కింద ఉంది, సెట్ వేయడానికి ఎవరినీ బతిమాలుకోవాల్సిన పని లేదు. 1999 లోనే ఏడు సినిమాలూ, ఎన్‌సైక్లోపీడియా పేరుతో ఒక అదనపు డిస్కూ కలిపి డీవీడీ బాక్స్ వేశారు. 2013 లో బ్లూ-రే సెట్ వచ్చింది. 2025 లో ఏడు సినిమాల 4కె సెట్ వచ్చింది. మీరు తెప్పించుకోవాల్సింది ఇదే.

2013 బ్లూ-రే సెట్ తక్కువ ధరకు దొరుకుతోందని దాని వైపు వెళ్లకండి. అందులో సీక్వెల్స్‌ని ఒక డిస్కు మీద రెండేసి సినిమాల చొప్పున సర్దారు. రెండు పొరల బ్లూ-రేలో పట్టేది 50 జీబీ. అందులో రెండు సినిమాలు, వాటి సౌండు, ఎక్స్‌ట్రాలు అన్నీ ఇరికిస్తే ఒక్కో సినిమాకి దక్కే వాటా తగ్గిపోతుంది. హారర్ సినిమాలో సగం చీకటే. కుదింపు ఎక్కువైతే మొట్టమొదట పాడయ్యేది ఆ చీకటే. నల్లగా ఉండాల్సిన మూల గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. చిన్న టీవీలో తెలియదు కానీ మీ 4కె టీవీలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కొత్త సెట్‌కి ఇంకో కారణం కూడా ఉంది. అమెరికా సెన్సార్ రేటింగ్ కోసం 1984 నాటి మొదటి భాగంలోనూ, 1989 నాటి అయిదో భాగంలోనూ రక్తపాతం ఉన్న కొన్ని క్షణాలు కత్తిరించారు. అయిదో భాగం కత్తిరించని రూపం పాత వీహెచ్‌ఎస్, లేజర్‌డిస్కుల తర్వాత చాలా ఏళ్లు సరైన క్వాలిటీలో దొరకలేదు. 4కె సెట్‌లో ఆ రెండు సినిమాల కత్తిరించని రూపాలూ ఇచ్చారు.

ఏడు సినిమాలంటే 1984 నుంచి 1994 లో వచ్చిన న్యూ నైట్‌మేర్ దాకా. 2003 నాటి ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్ ఇందులో ఉండదు, 2010 రీమేక్ కూడా ఉండదు. అమ్మేవాళ్లు కంప్లీట్ అని రాసినా లెక్క ఇదే.

హాలోవీన్: ఎందుకు విడిగా కొనమంటున్నాను

ఈ సిరీస్ హక్కులు చీలిపోయినంతగా ఇంకే పెద్ద హారర్ సిరీస్‌వీ చీలలేదేమో. 1978 నాటి మొదటి సినిమా స్వతంత్ర నిర్మాతలది. 1981, 1982 సినిమాలు యూనివర్సల్‌వి. 1988, 1989 వి మళ్లీ స్వతంత్ర నిర్మాతలవి. 1995 నుంచి 2009 దాకా వచ్చిన అయిదూ డైమెన్షన్ సంస్థ వైపు వెళ్లాయి. 2018, 2021, 2022 లో వచ్చిన మూడూ బ్లమ్‌హౌస్ అనే నిర్మాణ సంస్థతో కలిసి యూనివర్సల్ విడుదల చేసింది. మొత్తం పదమూడు.

2014 లో ఒక అద్భుతం జరిగింది. స్క్రీమ్ ఫ్యాక్టరీ, యాంకర్ బే అనే మరో లేబుల్ కలిసి అప్పటికి వచ్చిన పది సినిమాలనూ ఒకే పెట్టెలో పెట్టాయి. పది డిస్కుల మామూలు సెట్ ఒకటి, పదిహేను డిస్కుల డీలక్స్ ఒకటి. ఆ రెండింటికీ తేడా తెలియకుండా కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆరో భాగానికి, అంటే 1995 లో వచ్చిన ద కర్స్ ఆఫ్ మైకేల్ మయర్స్‌కి, ప్రొడ్యూసర్స్ కట్ అని ఒక రూపం ఉంది. టెస్ట్ షోలో జనానికి నచ్చలేదని సినిమాను మార్చేశారు. అప్పటికే ముఖ్య నటుడు డొనాల్డ్ ప్లెజెన్స్ 1995 ఫిబ్రవరిలో చనిపోయాడు. థియేటర్లలోకి వచ్చినదానిలో క్లైమాక్స్ మొత్తం వేరు. అసలు రూపం దాదాపు ఇరవై ఏళ్లు మసకబారిన దొంగ టేపుల మీదే తిరిగింది. దాన్ని శుభ్రంగా ఇచ్చింది ఆ డీలక్స్ సెట్. పది డిస్కుల సెట్‌లో అది లేదు. పేరు మాత్రం రెండింటికీ కంప్లీట్ కలెక్షనే!

ఆ డీలక్స్ సెట్ ఇప్పుడు ప్రింట్‌లో లేదు. ఇన్ని కంపెనీల మధ్య కుదిరిన ఒప్పందం గడువు తీరితే మళ్లీ కుదరడం కష్టం కదా. అందుకే పాత సెట్లు పట్టుకుని రీసేల్ చేసేవాళ్లు నోటికొచ్చిన ధర చెబుతున్నారు. ఆ ధర పెట్టకండి. మొదటి కారణం, అది ఎ లాక్ బ్లూ-రే, మీ మెషీన్‌లో ఆడదు. రెండో కారణం, 2018 నుంచి వచ్చిన మూడు సినిమాలు అందులో లేవు. మూడోది, అందులోని మంచి సినిమాలన్నీ అంతకన్నా మంచి రూపంలో తర్వాత విడిగా వచ్చేశాయి.

1978 సినిమా గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఒకే సినిమా ఎడిషన్‌కో రంగులో ఉండటం అంటే ఏమిటో దీన్ని చూస్తేనే అర్థమవుతుంది. కెమెరామన్ డీన్ కండీ రాత్రి సీన్లకు నీలి వెలుగు పెట్టాడు. కిటికీలోంచి, మెట్ల మీద నుంచి పడే ఆ నీలం వల్లే హంతకుడు మైకేల్ మయర్స్ తెల్ల మాస్కు చీకట్లోంచి మెల్లగా తేలి బయటికొచ్చినట్టు ఉంటుంది. 2007 లో వచ్చిన మొదటి బ్లూ-రేలో ఆ నీలం చాలావరకు పోయింది, రాత్రులు మామూలు రాత్రుల్లా తయారయ్యాయి. 2013 లో 35 ఏళ్ల ఎడిషన్‌కి కండీనే దగ్గరుండి రంగులు సరిచేయించాడు. 2021 లో స్క్రీమ్ ఫ్యాక్టరీ ఒరిజినల్ నెగెటివ్ నుంచి కొత్తగా 4కె స్కాన్ చేయించింది. మీరు కొనాల్సింది ఈ 2021 ది. హీరోయిన్ జామీ లీ కర్టిస్ మెట్ల దగ్గర నిలబడి ఉండగా ఆమె వెనక తలుపు చీకట్లోంచి మాస్కు కనిపించే షాట్ ఒక్కటి చూడండి, నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది.

రెండు, మూడు భాగాలకు కూడా కెమెరా కండీదే. అందుకే నా సలహా మొదటి మూడూ 2021 నాటి 4కె ఎడిషన్లలో విడిగా తీసుకోవడం. మూడో భాగంలో మైకేల్ మయర్స్ ఉండడు, కథే వేరు. మాస్కు హంతకుడి కోసం చూసేవాళ్లు దాన్ని తిట్టుకుంటారు కానీ నాకు ఆ సినిమా చాలా ఇష్టం. ఏటా ఒక కొత్త హాలోవీన్ కథ చెబుదామనుకున్న ఆలోచన అక్కడితోనే ఆగిపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నాలుగు, అయిదు భాగాలు కూడా అదే ఏడాది 4కె లో వచ్చాయి, సరదా ఉంటే తీసుకోండి. ఆరో భాగం నుంచి 2002 దాకా ఉన్న మూడు సినిమాలకు 2022 లో ఒక చిన్న 4కె సెట్ వచ్చింది. ప్రొడ్యూసర్స్ కట్ అందులో ఉంది. పెద్ద సెట్ కోసం ఆరాటపడేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఆ ఒక్క కట్టే. అది మీకు ఇలా చవగ్గా, లాక్ లేని డిస్కు మీద వస్తుంది.

ఫ్రైడే ద 13త్: ఇక్కడ ఓపిక పట్టాలి

మొదటి ఎనిమిది సినిమాలు, అంటే 1980 నుంచి 1989 దాకా వచ్చినవి, అమెరికాలో పారామౌంట్‌వి. ఆ తర్వాత ఈ సిరీస్ హంతకుడు జేసన్ న్యూ లైన్ చేతికి వెళ్లాడు. తొమ్మిదో భాగం, జేసన్ ఎక్స్, ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్ అక్కడివి. 2009 రీమేక్ రెండు కంపెనీలూ కలిసి తీశాయి. ఈ విభజన వల్లే మార్కెట్లో మీకు ఎనిమిది సినిమాల సెట్లు అన్ని కనిపిస్తాయి. పారామౌంట్ ఒక్కటీ సొంతంగా వేయగలిగేది ఆ ఎనిమిదే.

పన్నెండూ కలిపి రెండుసార్లు వచ్చాయి. పారామౌంట్ పాత సినిమాల డిస్కులు వార్నర్ పంపిణీ చేసేలా ఒప్పందం కుదిరాక 2013 లో రేకు డబ్బాలో ఒక సెట్ వచ్చింది. 2020 లో స్క్రీమ్ ఫ్యాక్టరీ పదహారు డిస్కుల సెట్ వేసింది. అందులో మొదటి నాలుగు సినిమాలకు కొత్త 4కె స్కాన్లు చేయించారు, ఎక్స్‌ట్రాలకు లెక్కే లేదు. నా అల్మరాలో ఉన్న బాక్స్‌సెట్‌లలో ఏదో ఒకటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. అయినా మీకు వద్దంటున్నాను. అందులోవి 4కె డిస్కులు కావు, ఎ లాక్ ఉన్న బ్లూ-రేలు. దీనికోసం మీరు వేరే ప్లేయర్ కొనాలి. కొనే ఉద్దేశం ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

కత్తిరించని రూపం అన్న మాట ఈ సిరీస్‌లో జాగ్రత్తగా వాడాలి. మొదటి భాగం కత్తిరించని రూపంలో దొరుకుతుంది, తేడా కొన్ని సెకన్లే. 1988 నాటి ఏడో భాగాన్ని మాత్రం సెన్సార్ రేటింగ్ కోసం నరికి పోగులు పెట్టారు. ఆ ముక్కల నెగెటివ్ మిగల్లేదు. వీడియో టేపు మీదున్న వర్క్‌ప్రింట్, అంటే ఎడిటింగ్ నాటి చిత్తు కాపీ, మాత్రమే ఉంది, దాన్ని ఎక్స్‌ట్రాల్లో చూడొచ్చు. ఏడో భాగం అన్‌కట్ హెచ్‌డీ ప్రింటు అని ఎవరైనా అమ్మితే అది అబద్ధం. ఆ ఒక్క మాటతో మీరు దొంగ సెట్ అమ్మేవాణ్ని పట్టుకోవచ్చు.

ఈ సిరీస్‌లో 2009 తర్వాత కొత్త సినిమా రాకపోవడానికి ఒక ముఖ్య కారణం కోర్టు కేసు. మొదటి సినిమా స్క్రిప్టు రాసిన విక్టర్ మిల్లర్ అమెరికా కాపీరైట్ చట్టం కింద హక్కులు వెనక్కి అడిగాడు. 2018 లో కింది కోర్టు, 2021 లో అప్పీల్ కోర్టు ఆయన వైపు తీర్పు ఇచ్చాయి. హక్కులు సర్దుకుని కొత్త నిర్మాణాలు మొదలైతే పాత సినిమాలకూ మంచి ఎడిషన్లు రావడం మామూలుగా జరిగేదే. ఈ కారణంగానే ఇప్పుడు రీసేల్ ధర పెట్టొద్దంటున్నాను. ఎనిమిది సినిమాల పారామౌంట్ సెట్ చవక, అసలైన జేసన్ కథంతా అందులోనే ఉంది. కొనే ముందు ఆ ప్రత్యేక ఎడిషన్‌కి రీజియన్ లాక్ లేదని మీ బావగారి చేత నిర్ధారించుకోండి.

బాక్స్ విలువ నేను ఎలా లెక్కేస్తాను

సెట్ ధరను అందులోని సినిమాల సంఖ్యతో భాగించి అబ్బో చవక అనుకోవడం అందరూ చేసేదే. నేను మళ్లీ మళ్లీ చూస్తానని నమ్మకం ఉన్న సినిమాల సంఖ్యతో భాగిస్తాను. పది సినిమాల సెట్‌లో మీకు ఇష్టమైనవి మూడే అయితే ఆ ధర మూడు సినిమాలకు. ఆ మూడూ విడిగా అంతకన్నా తక్కువకు, అంతకన్నా మంచి ప్రింటుతో వస్తుంటే పెట్టె అక్కర్లేదు. సగం కన్నా ఎక్కువ సినిమాలు ఇష్టమైతే సాధారణంగా సెట్టే లాభం.

గుంటూరులో మా బంధువుల అబ్బాయి ఒకడు హెల్‌రైజర్ సిరీస్ మొత్తం కావాలని పట్టుబట్టాడు. పదో పదకొండో ఉన్నాయి కదా అన్నీ కావాలన్నాడు. ఆరో వీడియో 2023 లో క్వార్టెట్ ఆఫ్ టార్మెంట్ పేరుతో మొదటి నాలుగూ 4కె లో వేసింది, అది తీసుకుని ఆగిపొమ్మన్నాను. అయిదో భాగం నుంచి వచ్చినవి ఎక్కువగా థియేటర్‌కి వెళ్లకుండా నేరుగా వీడియోకి వచ్చినవి, హక్కులు నిలుపుకోవడానికి హడావిడిగా తీసినవి కూడా వాటిలో ఉన్నాయి. వాడికి ఆ నాలుగింటితో తృప్తి తీరింది.

పేరు చూసి మోసపోకూడని మరికొన్ని

ఈవిల్ డెడ్ సినిమాలకు గ్రూవీ కలెక్షన్ అని ఒక 4కె సెట్ ఉంది. మొదటి రెండు సినిమాలు, తర్వాత వచ్చిన టీవీ సిరీస్ అందులో ఉన్నాయి. మూడో సినిమా ఆర్మీ ఆఫ్ డార్క్‌నెస్ లేదు, ఎందుకంటే అది యూనివర్సల్‌ది. మూడు సినిమాల కథలో మూడోది లేకుండా సెట్ కొనడం చాలామందికి మింగుడుపడలేదు.

1930, 40 ల నాటి యూనివర్సల్ రాక్షసుల సినిమాలది దీనికి తలకిందుల సమస్య. డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్, ఉల్ఫ్ మ్యాన్ సెట్లు వేర్వేరుగా కొంటే హౌస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్, హౌస్ ఆఫ్ డ్రాక్యులా లాంటి సినిమాలు మీ దగ్గర రెండు మూడు కాపీలు తయారవుతాయి. ఆ సినిమాల్లో రాక్షసులంతా కలిసి వస్తారు కాబట్టి ప్రతి సెట్‌లోనూ వేశారు. అక్కడ మాత్రం 2018 లో వచ్చిన ముప్పై సినిమాల పెద్ద సెట్ తీసుకోవడమే నయం.

జపాన్ రింగ్ సిరీస్‌కి ఆరో వీడియో 2019 సెట్ చక్కగా ఉంటుంది. అందులో స్పైరల్ అనే సినిమా కూడా ఉంది. అది 1998 జనవరి 31 న రింగ్‌తో పాటే ఒకే రోజు విడుదలైన సీక్వెల్. జనానికి అది నచ్చకపోవడంతో దాన్ని పక్కనపెట్టి మరుసటి ఏడాది రింగ్ 2 తీశారు. ఇది తెలియకుండా వరసగా చూస్తే కథ అయోమయంగా ఉంటుంది. స్పైరల్‌ని విడిగా, చివర్లో చూడండి.

మనవాళ్ల సంగతి కూడా ఒక మాట. రామ్సే బ్రదర్స్ హిందీ సినిమాలు పురానా మందిర్, వీరానా వంటివి మోండో మకాబ్రో అనే విదేశీ లేబుల్ డీవీడీలుగానూ ఆ తర్వాత బ్లూ-రే సెట్‌గానూ వేసింది. మన దేశపు సినిమాలను మనకన్నా శ్రద్ధగా వాళ్లు దాచారు. మన తెలుగులో రాత్రి, దెయ్యం రోజుల నుంచి ఇప్పటి మా ఊరి పొలిమేర దాకా ఇన్ని సినిమాలు ఉన్నా శుభ్రమైన ప్రింటుతో ఒక్క బాక్స్ లేదు. శాటిలైట్, ఓటీటీ హక్కులు అమ్ముడయ్యాక డిస్కు గురించి ఆలోచించే నిర్మాత ఎవరూ కనిపించడం లేదు. ఎవరైనా పూనుకుంటే మొదటి కాపీ నేనే కొంటాను.

దొంగ సెట్లు

మన ఆన్‌లైన్ అంగళ్లలో ఈ మూడు సిరీస్‌ల పేరుతో చవక సెట్లు తిరుగుతుంటాయి. మా గ్రూపులో ఒకాయన అలాంటిదే ఒక అమ్మకందారు దగ్గర కొని, తిరిగి ఇవ్వబోతే ఫోన్ ఎత్తలేదు. గుర్తుపట్టడం కష్టం కాదు. పన్నెండు సినిమాలు మూడు నాలుగు డిస్కుల్లో ఉన్నాయంటే అనుమానించండి. డిస్కు అడుగుభాగం ఊదారంగులో ఉంటే అది ఇంట్లో రాసిన డీవీడీ, ఫ్యాక్టరీలో అచ్చువేసింది కాదు. అట్ట వెనక అక్షరాలు మసకగా ఉండటం, ఏ కంపెనీ ఎప్పుడూ కలిపి వేయని సినిమాలు ఒకే పెట్టెలో ఉండటం కూడా గుర్తులే. పదమూడు హాలోవీన్ సినిమాలూ ఒకే బాక్స్ అని కనబడితే పైన చెప్పిన హక్కుల చిట్టా గుర్తు చేసుకోండి.

బ్రిటన్ నుంచి వచ్చే పాత డీవీడీ సెట్లు అసలువే అయినా నేను సిఫారసు చేయను. అక్కడి పాల్ (PAL) టీవీ పద్ధతిలో సెకనుకి 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములకు పరిగెత్తిస్తారు. తొంభై నిమిషాల సినిమా ఎనభై ఆరు నిమిషాల్లో అయిపోతుంది, సంగీతం శ్రుతి పైకి పోతుంది. హాలోవీన్‌లో దర్శకుడు జాన్ కార్పెంటర్ వాయించిన ఆ పియానో బాణీ అలా వినడం నావల్ల కాదు.

మీ బావగారికి చెప్పాల్సినవి

కొరియర్‌లో పంపమనకండి. గిఫ్ట్ అని రాసినా ఇప్పుడు కస్టమ్స్ సుంకం పడుతుంది, 2019 డిసెంబర్‌లో ఆ మినహాయింపు తీసేశారు. ఆయన లగేజీలో తేవడమే మేలు. డిస్కులు క్యాబిన్ బ్యాగులో పెట్టుకోమనండి. చెకిన్ సూట్‌కేసులో పడే కుదుపులకు కేసు మధ్యనున్న పళ్లు విరిగి డిస్కు ఊడిపోతుంది, దారంతా లోపల గీసుకుంటూ వస్తుంది. అక్కడే సీలు తెరిచి, అన్ని డిస్కులూ ఉన్నాయో లేదో, వాటి మీద పేర్లు సరైనవో కాదో చూడమనండి. ఒకే డిస్కు రెండుసార్లు పెట్టి ఇంకోటి మరిచిపోయిన సెట్ నా చేతికి వచ్చింది. అక్కడ ఉండగా అయితే మార్చుకోవడం తేలిక.

లోపల డిజిటల్ కోడ్ కాగితం ఉంటే ఆయన్నే వాడుకోమనండి, అది అమెరికాలో తప్ప పనిచేయదు. సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో అట్ట వెనక చూడమనండి. పాత ఎడిషన్లు కొన్నింటిలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కూడా ఉండవు, ఇంట్లో అందరూ కూర్చుని చూసేటప్పుడు అవి లేకపోతే ఇబ్బంది.

ఎ రీజియన్ ప్లేయర్ కూడా తెప్పించుకుందామా అని మీకు అనిపించొచ్చు. తెస్తే దాని అడుగున 100–240 వోల్టులు అని ఉందో లేదో ముందు చూడాలి. 120 మాత్రమే ఉన్నది మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అక్కడికక్కడే కాలిపోతుంది. కన్వర్టర్ పెట్టి వాడేవాళ్లు ఉన్నారు కానీ రెండు వోల్టేజీలకూ పనికొచ్చే మోడల్ దొరుకుతున్నప్పుడు ఆ తంటా అక్కర్లేదు.

ఇంటికి వచ్చాక నిలువుగా పేర్చండి. కృష్ణా తీరపు ఉక్కకు అట్టపెట్టెలు, లోపలి బుక్‌లెట్లు బూజు పడతాయి, అరలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి ఉంచండి. తుడవాల్సి వస్తే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు.

ఒక్క విషయం మీరు చెప్పలేదు: మీ ప్లేస్టేషన్ ఇండియాలో కొన్నదేనా, లేక అది కూడా అమెరికా నుంచి వచ్చిందా? అక్కడ కొన్నదైతే అది ఎ రీజియన్ బ్లూ-రేలను ఆడిస్తుంది, అప్పుడు ఫ్రైడే ద 13త్ గురించి నేను చెప్పింది మారుతుంది. పదహారు డిస్కుల సెట్ న్యాయమైన ధరకు దొరికితే వదలొద్దు. బాక్స్ మీదున్న మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.